అడుగుని అడిగిన ఆదివారం

సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బునురగలో ఉండగా ఎవరో తలుపు కొట్టారు. ఆదివారం మధ్యాహ్నందాకా గడ్డానికి ముహూర్తం కుదరని మనిషిని నేను. ఇంటివాళ్ళై ఉంటారులే అని అలాగే వెళ్ళి తీశాను. గుమ్మంలో టీచరుగారు నిలబడి ఉన్నారు. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. చేతిలో పాటల పుస్తకం ఉంది. ఆవిడ వెనకాల వాళ్ళ అన్నగారు, ఆస్పత్రిలో కాంపౌండరు, చెప్పులైనా లేకుండా వచ్చేశాడు.

"మీ మిషను ఇక్కడే ఉందా బాబూ?" అన్నారావిడ.

ఉందన్నాను.

"అయితే బేగి తీసుకురండి. మా ఆయన తాండవలో ములిగిపోనారంట."

ఏడవలేదు. బడిలో పిల్లలకి లెక్క అప్పజెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పారు. ఏడుపంతా వెనకున్న అన్నగారి మొహంలో ఉంది. నేను తువ్వాలుతో నురగ తుడుచుకుని, మిషను పెట్టె ఎత్తుకున్నాను. ఆ రోజంతా ఒక బుగ్గ మనిషిదిగా, ఒక బుగ్గ ఎలుగుబంటిదిగా తిరిగాను. ఎవరూ గమనించలేదు.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. తాండవ జలాశయం కట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు. అప్పుడే అడుగున ఒండ్రు ఎంత పేరుకుందో చూసి రమ్మని మా ఆఫీసు ఒక ఇంజనీరుగారినీ, ఒక బోటునీ, ఒక మిషనునీ, ఇంకా మిగిలిన కాస్త జాగాలో నన్నూ పంపింది. ఇంజనీరుగారు శనివారం సాయంత్రం విశాఖపట్నం వెళ్ళి సోమవారం పొద్దున్న దిగేవారు. నేను నర్సీపట్నంలో గది తీసుకున్నాను. మిషను సున్నితమైనది కాబట్టి రోజూ సాయంత్రం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకునేవాణ్ణి. కండక్టర్లు దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని తటపటాయించేవారు.

దాని పేరు ఎకో సౌండరు. దాని పని చెప్పడానికి మాత్రం తెలుగంత వీలైన భాష ఇంకోటి లేదనుకుంటాను. అది అడుగుని అడుగుతుంది, అడుగుల్లో చెబుతుంది. బోటు పక్కన నీళ్ళలోకి దించిన గుండ్రటి డబ్బా ఒకటి 'టిక్' అంటుంది. ఆ శబ్దం కిందికి పోతుంది. గాలిలో కన్నా నీళ్ళలో శబ్దం నాలుగురెట్లకి పైగా జోరు, సెకనుకి దాదాపు కిలోమీటరున్నర పోతుంది. అడుగుకి తగిలి తిరిగొస్తుంది. ఇందాక నోరైన డబ్బాయే ఇప్పుడు చెవి అయి ఆ వచ్చినదాన్ని వింటుంది. వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్ని సగం చేసి జోరుతో గుణిస్తే లోతు. ఆ సగం చెయ్యడం మరిచిపోతే జలాశయం రెండింతలవుతుంది, ఉద్యోగం సగమవుతుంది. ఈ లెక్కంతా మిషనే చేసుకుని, చుట్టగా తిరిగే కాగితం మీద సన్నటి ముల్లుతో కాల్చి గీత గీసేది. కాగితం కాలిన ఆ చిరువాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ముందు నీళ్ళు గుర్తొస్తాయి.

ములిగిపోయాడని కబురొచ్చిన మనిషి మా బోటు నడిపే సరంగు. నన్ను ఆయన సారూ అనేవాడు, ఆయన్ని నేను సరంగూ అనేవాణ్ణి. సున్నా ఆయన పేరులో ఉండేది గాని, బోటు పనిలో నాదే సున్నా. అంతకుముందు ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇంజను ఏదైనా ఇట్టే నయం చేసేవాడు. నీళ్ళంటే మాత్రం ప్రాణభయం. ఈత రాదు. బోటుకి సరిగ్గా మధ్యలో కూర్చునేవాడు, చేతులు కడుక్కోవాలన్నా అంచు మీంచి వంగకుండా చెంబుతో ముంచుకునేవాడు. ఈత రాకుండా బోటెలా నడుపుతావయ్యా అని ఇంజనీరుగారు వేళాకోళం చేస్తే, "ఇమానం నడిపేవోడికి ఎగరడం వొస్తాదేటండి?" అన్నాడు. ఆ తరవాత ఇంజనీరుగారు ఆ ఊసెత్తలేదు.

కాంపౌండరుగారు ఎవరినో బతిమాలి తెచ్చిన జీపులో కూర్చున్నాక ఆయనే మిగతాది చెప్పాడు. బోటు ఇంజను ఆగి ఆగి నడుస్తోందనీ, సోమవారానికి బాగుచెయ్యాలనీ చెప్పి సరంగు పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళాడు. మధ్యాహ్నం చర్చి విడిచిపెట్టే వేళకి నాతవరం వైపు నుంచి వచ్చిన బస్సు గేటు ముందు నెమ్మదించింది. కండక్టరు మెట్టు మీంచి వేలాడుతూ టీచరుగారిని పిలిచి, "మీ ఆయన తాండవలో ములిగిపోనాడమ్మా, డ్యాం మలుపు కాడ సెప్పమన్నారు" అని బెల్లు కొట్టేశాడు. చెప్పమన్నది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగేలోపు బస్సు కొయ్యూరు కొండల్లోకి వెళ్ళిపోయింది. అక్కడికి ఫోను లేదు. ఆ బస్సు మళ్ళీ సాయంత్రం కిందికి దిగి, ఇటే వెళ్ళాలి. అప్పటిదాకా ఆ కండక్టరుని పట్టుకునే దారి లేదు.

పోలీసులకి కబురు పెట్టారా అని అడిగాను. పెట్టారట. స్టేషనులో ఉన్నాయన, మనుషుల్ని పోగుచేసుకుని వస్తామన్నాడట. టీచరుగారు కిటికీలోంచి బయటికే చూస్తూ, "మీ మిషనుకి కనబడతారా?" అని అడిగారు. చూద్దామండి అన్నాను.

మా బ్యాటరీ చార్జింగు షాపులో ఉండిపోయింది. ఆదివారం షాపు లేదు. అందుకని గట్టు మీదకి రాగానే కాంపౌండరుగారు జీపు బానెట్టు ఎత్తి, దాని బ్యాటరీ ఊడదీసి నా చేతికిచ్చాడు. ఇక జీపు కదలదు. ఏం జరిగినా అందరం అక్కడే ఉండాలి.

బోటు రేవులోనే కట్టి ఉంది. ఇంజను మూత తీసి ఉంది. గోనెపట్టా మీద రెంచీలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి ఉన్నాయి. మేకుకి నూనె మరకల చొక్కా వేలాడుతోంది. ఒడ్డున బురద మొదలయ్యే చోట చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. టీచరుగారు ఆ చొక్కా వంక చూశారు గాని ముట్టుకోలేదు. నాకు చెప్పులు చూశాక కాస్త ఆశ కలిగింది. పడిపోయేవాడు చెప్పులు అంత పద్ధతిగా విడుస్తాడా అన్నాను. కాంపౌండరుగారు తల అడ్డంగా తిప్పి, "బోటెక్కితే ఎప్పుడూ ఒట్టికాళ్ళే బాబూ, మా బావ" అన్నాడు. ఆశ అక్కడితో సరి.

అక్కడికి దగ్గర్లో గుడిసె వేసుకుని చేపలు పట్టే ఒకాయన ఉండేవాడు. పొద్దున్నుంచీ ఇంటి వెనక వల అల్లుకుంటున్నాడట, ఏమీ చూడలేదు, ఏ కేకా వినలేదు. ఇంజను విప్పి ఉంది కాబట్టి తానే తెడ్లు వేస్తానన్నాడు. "గాలి నేదు, పారుడు నేదు. ఇక్కడ పడితే ఇక్కడే ఉంటాడు" అన్నాడు, టీచరుగారు వినకుండా, నాకు మాత్రమే. తెడ్లు రెండు కాబట్టి రెండోది కాంపౌండరుగారు అందుకున్నాడు.

ఆవిడని ఒడ్డున ఉండమన్నాం. ఆవిడ బోటెక్కి, సరంగు రోజూ కూర్చునే మధ్య చెక్క మీద కూర్చున్నారు.

వెతికే ముందు మిషనుని సరిచూసుకోవాలి. తెలిసిన పొడుగు తాడుకి ఇనుప పళ్ళెం కట్టి డబ్బా కిందికి దించితే, కాగితం మీద పళ్ళెం గీత ఆ లోతులోనే పడాలి. పడకపోతే ఆ రోజు అది చెప్పేదంతా తప్పే. కాంపౌండరుగారికి ఓపిక లేదు. మనిషి పోతుంటే పళ్ళేలు దింపుకోడమేటండీ అన్నాడు. టీచరుగారు అన్నని ఒక్క చూపు చూసి, తాడు నా చేతిలోంచి తీసుకుని తానే దించారు. "సరిగ్గా చూడండి బాబూ. మళ్ళీ మళ్ళీ చూడలేను" అన్నారు.

పళ్ళెం గీత దాని చోటే పడింది. తెడ్లు కదిలాయి.

వెతకడమంటే సినిమాలో చూపించినట్టు అటూ ఇటూ పరుగెత్తడం కాదు. డబ్బాలోంచి శబ్దం టార్చిలైటు వెలుగులా కిందికి పోయేకొద్దీ వెడల్పవుతూ దిగుతుంది. లోతు తక్కువైతే అది తడిమే చోటూ తక్కువే. అందుకని చాళ్ళు దున్నినట్టు, ఒక చాలు పక్కన ఇంకో చాలు, మధ్యలో బీడు మిగలకుండా పోవాలి. ఒడ్డున రెండు కర్రలు పాతించి, అవి రెండూ ఒకే వరసలో కనబడేలా చూసుకుంటూ పొమ్మని చెప్పాను. 'టిక్, టిక్' అంటూ ముల్లు గీస్తోంది. కాగితం మీద అడుగు నల్లగా, నున్నగా, దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు సాగుతోంది. ఆ దుప్పటి కింద ఏదైనా మూపురం లేస్తే, అదే మేం వెతికేది.

నేను అప్పటిదాకా చేసిన ఉద్యోగంలో ఎప్పుడూ ఏదో ఒకటి దొరకాలనే కోరుకున్నాను. ఆ రోజు మొదటిసారి దొరక్కూడదని కోరుకున్నాను. పని పాడవ్వాలని ఇంత మనస్ఫూర్తిగా కోరుకోవడం నాకు కొత్త. మామూలుగా అది కోరుకోకుండానే జరిగిపోయేది.

టీచరుగారు కాగితం మీదికి వంగి చూస్తున్నారు. అడుగు గీత కింద, సరిగ్గా రెండింతల లోతులో ఇంకో పలచటి గీత కనబడి, అదేమిటని అడిగారు. శబ్దం అడుగుకి తగిలి పైకొచ్చి, నీటి మట్టానికి తగిలి మళ్ళీ కిందికి పోయి రెండోసారి తిరిగొస్తే అలా ఇంకో అడుగు పడుతుందని చెప్పాను. కొత్తలో ఆ రెండో గీత చూసి, జలాశయం కింద ఇంకో జలాశయం ఉందని నేను ఇంజనీరుగారికి లిఖితపూర్వకంగా తెలియజేసిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ నవ్వుతారనుకోలేదు. నవ్వలేదు కూడా. కాని తెడ్డు వేస్తున్న చేపలాయన నవ్వాపుకోడానికి దగ్గాడు. బోటులో ఆ కాస్త గాలి ఆడింది.

తరవాత ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు.

"రాయికి తగిలితే శబ్దం తిరిగొస్తాది, సరే. మనిషి మెత్తగా ఉంటాడు కదా. మెత్తటిదానికి తగిలినా తిరిగొస్తాదా?"

దీనికి జవాబు నాకు తెలుసు. తెలియకపోయినా బాగుండేది. శబ్దం ఒక పదార్థంలోంచి అలాంటిదే ఇంకో పదార్థంలోకి పోతే దాటుకుని వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. మనిషి ఒళ్ళు చాలామట్టుకు నీళ్ళే. నీళ్ళలో ఉన్న నీళ్ళని శబ్దం పెద్దగా పట్టించుకోదు. చేపలు మాకు కనబడేది వాటి మాంసం వల్ల కాదు, వాటి కడుపులో ఉండే గాలితిత్తి వల్ల. గాలి తగిలిందంటే శబ్దం గోడకి తగిలినట్టు వెనక్కి తిరుగుతుంది. మనిషిలో గాలి ఉండే చోటు ఊపిరితిత్తులే. ఇదంతా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, చేపల దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా చెప్పాను. దాచడానికి ప్రయత్నించలేదు. బడిపంతులమ్మగారికి సగం జవాబు చెప్తే మిగతా సగం రాబట్టుకుంటారు.

ఆవిడ నీళ్ళ వంక చూస్తూ అన్నారు. "అయితే ఊపిరుంటే కనబడతారు. లేకపోతే కనబడరు."

కాంపౌండరుగారి తెడ్డు ఆగిపోయింది. చేపలాయన ఆయన వైపు చూశాడు. తెడ్డు మళ్ళీ నీళ్ళలో పడింది.

అది పూర్తిగా నిజం కాదనీ, ఎముకలుంటాయనీ, బట్టల్లో చిక్కిన బుడగలుంటాయనీ, అంతో ఇంతో తిరిగొస్తుందనీ చెప్పాను. అంతో ఇంతో వచ్చేది కూడా కనబడాలని మిషను చెవి పెంచే బొత్తాం తిప్పాను. చెవి పెంచితే వచ్చే చిక్కేమిటంటే, ప్రతి చెత్తా వినబడుతుంది. నాచు, చేపల గుంపు, మా తెడ్డు లేపిన బుడగలు, అన్నీ కాగితం మీద మచ్చలు మచ్చలుగా పడ్డాయి. మచ్చ పడ్డప్పుడల్లా ఆవిడ, "ఏటది?" అనేవారు. చేపలండి, అనేవాణ్ణి. ఇంకో మచ్చ. బుడగలండి. ఎండ చల్లబడే కొద్దీ నా గొంతు కూడా చల్లబడింది. చివరికి ఆవిడ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాను.

నాకు విశాఖలో ఈ పని నేర్పిన పెద్దాయన ఒకప్పుడు ఓడ మీద సోనార్ ముందు కూర్చున్నవాడు. మేం నిలువుగా అడిగేవాళ్ళం, ఆయన అడ్డంగా అడిగేవాడు. ఓడ కింది నుంచి శబ్దాన్ని సముద్రంలోకి చుట్టూ పంపడం, ఏ దిక్కు నుంచి బదులొచ్చిందో చూసి దిక్కు పట్టడం, ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం కట్టడం. జలాంతర్గామి అయినా, బండరాయి అయినా, తిమింగలమైనా బదులు పలుకుతాయి. ఎవరు పలికారో తేల్చుకోవాల్సింది వినేవాడు. ఒక్కసారి వినబడింది రాయొద్దు, మూడు వైపుల నుంచీ వెళ్ళి అడిగినా అదే చోట అదే బదులొస్తే అప్పుడు రాయమనేవాడు. పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు మార్కులు పోయాయి.

రేవు నుంచి లోపలికి, కొంచెం లోతుగా ఉన్న చోట, అడుగు దుప్పటి లేచింది.

చిన్న మచ్చ కాదు. నల్లటి మూపురం, కూర్చున్న మనిషి ఎత్తు. పక్కలు కోసుకున్నట్టున్నాయి. నేను పెన్సిలుతో గుర్తు పెట్టాను. బోటు వెనక్కి తిప్పి మళ్ళీ అదే దారిన పోనివ్వమన్నాను. మళ్ళీ లేచింది. అడ్డంగా పోనివ్వమన్నాను. ముల్లు మూడోసారి కూడా అక్కడే నల్లగా కాల్చింది. కాగితం కాలిన వాసన ఎక్కువైనట్టనిపించింది.

"ఏదో ఉంది కదా," అన్నారు టీచరుగారు.

ఉందండి అన్నాను.

ఖాళీ కిరసనాయిలు డబ్బాకి తాడూ రాయీ కట్టి ఆ చోట గుర్తుగా వదిలాం. చేపలాయన తలపాగా తీసి మడిచి చెక్క మీద పెట్టి, ముక్కు పట్టుకుని దిగాడు. నీళ్ళు మూసుకున్నాయి. నా మిషను శబ్దం అక్కడిదాకా వెళ్ళి రావడానికి కనురెప్పపాటైనా పట్టదు. మనిషి వెళ్ళి రావడానికి ఎంత పడుతుందో ఆ రోజు తెలిసింది. టీచరుగారు పాటల పుస్తకం రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. అది మూసే ఉంది. ఆయన పైకొచ్చి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ దిగాడు. కాంపౌండరుగారు బోటు అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను మిషను ఆపేశాను. ఆ 'టిక్ టిక్' భరించలేకపోయాను.

ఈసారి చేపలాయన తలతోపాటు చెయ్యి కూడా పైకొచ్చింది. చేతిలో కుళ్ళిన కొమ్మ.

"సింతమానండి," అన్నాడు రొప్పుతూ. "ఆనకట్ట కట్టకముందుది. కొమ్మలకి పాత వల సుట్టుకునుంది. మరేటీ నేదు, అంతా తడిమీసినాను."

టీచరుగారు బోటు అంచు మీంచి వంగి వాంతి చేసుకున్నారు. తరవాత మొహం కడుక్కుని, చీరచెంగుతో తుడుచుకుని, "ఇంకా ఎంత మేర ఉంది?" అని అడిగారు. ఇంకా చాలానే ఉంది. మిషను మళ్ళీ పెట్టాను. అయితే జీపు బ్యాటరీ అలిసిపోతోంది. ముల్లు గీసే గీత పలచబడింది. అడుగు ఒక చోట కనబడి, ఒక చోట కనబడక, మాటలు మింగేసే మనిషిలా తయారైంది. ఇలా అయితే ఏమీ లేదని చెప్పినా నమ్మలేం, ఉందని చెప్పినా నమ్మలేం. ఆ మాట ఎలా చెప్పాలా అని చూస్తుండగా గట్టు అవతల బస్సు హారను వినబడింది.

కాంపౌండరుగారు బోటు ఒడ్డుకి పూర్తిగా చేరకముందే మోకాలి లోతులో దూకి మలుపు వైపు పరుగెత్తాడు. మేం ఇంకా నీళ్ళ మీదే ఉన్నాం. దూరంగా బస్సు ఆగడం కనబడింది. ఆయన కండక్టరుని కిందికి దించడం కనబడింది. ఆ తరవాత ఆయన కండక్టరు కాలరు పట్టుకున్నాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్కా వినబడదు. కాసేపటికి కాలరు వదిలేశాడు. కండక్టరు చేతులూపుతూ ఏదో అంటున్నాడు. కాంపౌండరుగారు ఆయన మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో మావైపు తిరిగి గట్టు మీద పరుగెత్తుకొస్తూ ఏదో అరిచాడు. గాలిలో మాకు చేరింది చివరి ముక్కే.

"...గీసినాడంట!"

దగ్గరకొచ్చి మళ్ళీ అరిచాడు. "ములిగిపోనేదే సెల్లీ. ములిగీసినాడు!"

నాకేమీ అర్థం కాలేదు. మునిగినవాడు ఏ ప్రత్యయంతో మునిగితే ఏమిటి? టీచరుగారికి మాత్రం అర్థమైంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చాలా నెమ్మదిగా, "బాప్తిస్మం" అన్నారు.

వాళ్ళ సంఘంలో బాప్తిస్మమంటే నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపడం. ఇళ్ళల్లో దాన్ని 'ములగడం' అనే అంటారు. ఎన్నో ఏళ్ళుగా ములగమని ఆవిడ అడుగుతున్నారు, ఆయన వాయిదా వేస్తున్నాడు. కొండవార పేటలో ఉన్న చిన్న సంఘానికి కాపరిగా, అంటే పాస్టరుగా, ఉన్న ఒకాయన ఆ పొద్దున్న జలాశయం పై కొసలో, కొండ మలుపు వెనక, నడుంలోతు నీళ్ళలో కొంతమందికి బాప్తిస్మం ఇచ్చాడు. వాళ్ళలో మా సరంగు ఉన్నాడు. బోటు దగ్గర చొక్కా, చెప్పులు విడిచి, సంచిలో దాచుకొచ్చిన తెల్లచొక్కా తొడుక్కుని, బురదలో అటు నడిచి వెళ్ళాడు. అయ్యాక సంఘపెద్ద ఒకాయన సంతోషం పట్టలేక మలుపు దగ్గర బస్సు ఆపి, 'టీచరమ్మకి సెప్పండి, ఆయన ములిగీసినాడని' అని కబురు పంపాడు. కండక్టరుకి టికెట్ల గొడవలో ఆ మాట తన మాటగా మారిపోయింది. 'ఈసి' పోయి 'పోయి' వచ్చింది. మన భాషలో ఏదైనా 'చేసేస్తే' మనం చేసినట్టు, 'అయిపోతే' మనకి జరిగినట్టు. ఆ మధ్యాహ్నమంతా మేం వెతికింది ఆ తేడానే.

బోటు ఒడ్డుకి తగిలేసరికి కొండ మలుపు తిరిగి కొందరు నడిచి వస్తున్నారు. పేటలో సంఘం భోజనాలు ముగించుకుని, నర్సీపట్నం వెళ్ళే ఆఖరు బస్సు కోసం వస్తున్నారు. వాళ్ళ మధ్యలో మా సరంగు, ఎవరిదో భుజాలు జారిపోయే చొక్కాలో, ఒట్టికాళ్ళతో. జీపునీ, బోటునీ, మమ్మల్నీ చూసి నవ్వబోయాడు. భార్య మొహం చూసి మానుకున్నాడు.

ఆవిడ ఆయన ముందుకెళ్ళి నిలబడ్డారు.

"ములిగారా?"

"ములిగీసేను."

"లేచారా?"

"లేపేరు," అన్నాడాయన. "ఇద్దరు పట్టుకుని లేపేరు."

ఆవిడ అతన్ని దాటుకుని నడిచారు. వెళ్ళి జీపు పక్కన నిలబడ్డారు. కాపరిగారు జరిగింది తెలిసి తల పట్టుకుంటే, చేపలాయనే ఆయన్ని ఓదార్చాడు.

పోలీసులు అప్పటికి ఇంకా పోగవుతూనే ఉన్నారు. బ్యాటరీ బిగించాం గాని జీపు లేవలేదు. అందులో ఉన్నదంతా నేనూ నా మిషనూ తాగేశాం. తొయ్యాల్సి వచ్చింది. సరంగు నా పక్కనే భుజం ఆనించి తోస్తూ, నేనడగకుండానే చెప్పాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆవిడ బట్ట కొని కుట్టించిన తెల్లచొక్కా తొడుక్కుని, సంఘమంతా ఒడ్డున పాడుతుండగా, చీలమండల లోతుకి వెళ్ళి వెనక్కి తిరిగి పారిపోయాడట. ఆ రోజు ఆవిడ ఒక్కరే ఇంటికి నడిచి వెళ్ళారు. అందుకే ఈసారి ఎవరికీ చెప్పలేదు. "మల్లీ పారిపోతే ఆవిడికి తెలీకూడదు కదండి. అయితేనే కబురెట్టమన్నాను" అన్నాడు. ఆ కబురు ఎలా చేరిందో తలుచుకుని, "సెడ్డ కబురెట్టీసేను" అన్నాడు, ఇంకా గట్టిగా తోస్తూ.

మేం తోస్తున్నంతసేపూ ఆయన సంచి రోడ్డు పక్కన నీళ్ళు కారుస్తూ పడి ఉంది. ఇంజను అందుకుని మేం వెనక్కి చూసేసరికి టీచరుగారు అందులోంచి తడి బట్టలు తీసి పిండుతున్నారు. ముందు పంచె. తరవాత తెల్లచొక్కా. చొక్కా విప్పి, కాలరు లోపలి కుట్టు చూసి, ఒక్క క్షణం ఆగారు. అది ఆవిడ కుట్టించినదే. అప్పుడు పొడిగా ఇంటికొచ్చింది. ఆవిడ దాన్ని మెలిపెట్టి పిండారు, విదిలించి మళ్ళీ పిండారు. చుక్క కూడా రాకపోయినా ఇంకోసారి పిండారు. జీపు ఆగిపోతాది బేగి రమ్మని అన్నగారు కేకేస్తే వచ్చి కూర్చుని, చొక్కా ఒళ్ళో పరుచుకున్నారు. చీర తడుస్తోందని సరంగు అంటే వినిపించుకోలేదు.

మాకవరపాలెం రోడ్డు కలిసింది. ఊళ్ళో దీపాలు ఇంకా వెలగలేదు. టీచరుగారు ముందుకి చూస్తూనే అడిగారు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

వెనక సీటులో నా మిషను పెట్టె పట్టుకుని కూర్చున్న సరంగు కాస్త ఆలోచించుకున్నాడు. "ముందు సల్లగున్నాయి. తరవాత తెలీనేదు."

"భయమేసిందా?"

"ఏసింది."

ఆవిడ చొక్కా చెయ్యి మడత సరిచేశారు. "పొద్దున్న ఏం తిన్నారు?" అన్నారు.